వరలక్ష్మీ వ్రతం నాడు సింగపూర్‌లో మీటింగా?

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. వాళ్ళ కాలంలో కంపెనీలు డీలర్లని పరాయి దేశం తీసుకెళ్ళి మీటింగులు పెట్టేవి కావు కాబట్టి ఆ రెండింటితో ఆపేశారు. లేకపోతే మూడోది కూడా కలిపి ఉండేవారే!

మావారు ఒక విత్తనాల కంపెనీలో సేల్స్ మేనేజరు. అమ్మకాలు బాగా చేసిన డీలర్లని ఏటా ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళి, ఒకటిన్నర రోజు మీటింగు, రెండు రోజులు ఊరు చూపించడం వాళ్ళ కంపెనీలో అలవాటు. ఇదివరకు మగవాళ్ళే వెళ్ళేవారు. వెళ్ళినవాళ్ళు ఫోటోలు సగం చూపించి, సగం దాచేవారని డీలర్ల ఇళ్ళల్లో గుసగుసలు కూడా ఉండేవి. అందుకో, మరెందుకో గానీ 2023లో “ఈసారి దంపతులుగా రండి, సింగపూర్” అన్నారు పైవాళ్ళు. మొత్తం 22 జంటలు. గుంటూరు, పల్నాడు, ఖమ్మం, వరంగల్, కర్నూలు వైపు వాళ్ళు.

ఆ రోజు మావారు ఆఫీసు నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, “ఏమోయ్, ఆగస్టు 24 రాత్రి బయల్దేరతాం. 25 శుక్రవారం మీటింగు. హోటలు కూడా చూసేశాం” అన్నారు హుషారుగా.

నేను పప్పులో తాలింపు వేస్తున్నదాన్ని స్టౌ ఆపి, గోడకున్న క్యాలెండర్ దగ్గరికెళ్ళాను. నా అనుమానం నిజమే.

“ఆ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఒక్క ఆడమనిషి కూడా రాదు. వచ్చినా మనసు అక్కడుండదు” అన్నాను.

మావారు తెల్లమొహం వేశారు. ఆఫీసులో పదిమంది మగవాళ్ళు కూర్చుని రెండు వారాలు ఆలోచించి పెట్టిన తేదీ అది! కిందటేడు దాకా మగవాళ్ళ తేదీలే చూసేవారు. పంట పని, సరుకు డెలివరీ, బ్యాంకు లెక్కలు. ఇంట్లో వేలాడే క్యాలెండర్ చూడాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

మర్నాడు ఆఫీసు నుంచి ఫోన్ చేసి, “పోనీ నువ్వే చెప్పు, ఎప్పుడు పెట్టాలి? ఆడవాళ్ళ సంగతంతా నువ్వే చూడు” అన్నారు. అలా కొని తెచ్చుకున్నాను ఆ పని.

తేదీ కుదరడమే సగం పెళ్ళి

జూన్, జూలై నెలల్లో విత్తనాల డీలరుకి తిండి తినే తీరిక ఉండదు. ఆగస్టులో నోములు. సెప్టెంబరు 18 వినాయక చవితి. ఆ తర్వాత ఊళ్ళల్లో పందిళ్ళ హడావుడి. అది దాటితే మహాలయ పక్షాలు, చాలామంది ప్రయాణాలు పెట్టుకోరు. ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే చవితికి ముందు వారం మిగిలింది. సెప్టెంబరు 10 ఆదివారం రాత్రి బయల్దేరి, 14 గురువారానికి తిరిగి రావాలనుకున్నాం.

ట్రావెల్ ఏజెంటు కుర్రాడు ఆ మాట విని, “మంచి పని చేశారు మేడమ్, ఒక్కరోజు కూడా ఆలస్యం కాకూడదు” అన్నాడు. ఎందుకంటే 15 నుంచి 17 దాకా అక్కడ రాత్రిపూట కార్ల పందేలట. ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తారు, హోటళ్ళు ధరలు పెంచేస్తాయి, పందెం జరిగే వైపు రోడ్లు మూసేస్తారు. మన పండగలతో పాటు వెళ్ళే ఊరి పండగలు కూడా చూసుకోవాలని అప్పుడు తెలిసింది నాకు.

పదకొండు ప్రశ్నల నోటుబుక్కు

మా అబ్బాయి స్కూలు నోటుబుక్కులో మిగిలిన కాగితాలుంటే, వాటిల్లో 22 జంటలకీ తలా ఒక పేజీ కేటాయించాను. రోజుకి నలుగురు చొప్పున ఫోన్ చేశాను. అందరినీ అవే పదకొండు ప్రశ్నలు అడిగాను. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉంది? గడువు ఎప్పటిదాకా? ఇదివరకు విమానం ఎక్కారా? ఏం తింటారు, ఏ రోజు ఏం తినరు? ఏ మందులు వాడుతున్నారు? మెట్లు ఎక్కగలరా? ఇలాంటివే.

మావారు నవ్వారు. “పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగరోయ్!” అన్నారు. కానీ ఆ పేజీలు నిండేకొద్దీ ఆయన నవ్వు తగ్గింది.

ఒకావిడ పేరు ఆధార్ కార్డులో ఒకలా, పాస్‌పోర్టులో చివర ‘దేవి’తో ఉంది. కంపెనీ వాళ్ళు ఆధార్ చూసి టికెట్టు రాయబోతున్నారు. టికెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, లేకపోతే విమానాశ్రయంలోనే చిక్కు. మన ఇంటిపేర్లతో ఈ గొడవ ఎప్పుడూ ఉండేదే. ఇంకొకరి పాస్‌పోర్టు గడువు జనవరితో అయిపోతోంది. దేశంలో అడుగుపెట్టే నాటికి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి కదా! జూలైలోనే తెలిసింది కాబట్టి కొత్తది తెప్పించుకున్నారు.

ఆరుగురు ఆడవాళ్ళు ఎప్పుడూ విమానం ఎక్కలేదు. ఇద్దరు శనివారం ఒంటిపూట. ఇద్దరికి మోకాళ్ళ నొప్పులు. ఒకాయనకి షుగర్, రోజూ ఇన్సులిన్. ఆ చివరి సంగతి పేజీలో ఎర్ర ఇంకుతో రాసుకున్నాను. పల్నాడు వైపు వాళ్ళు వాళ్ళు. ఫోన్ ఎత్తింది ఆయన భార్య, అరవై దాటిన పెద్దావిడ. ఫోన్లోనే నాకు పిన్నిగారయిపోయింది. “ఆయన భోజనం టయానికి పడాలమ్మా, అంతకంటే ఏమొద్దు మాకు” అందావిడ.

సామాన్ల సంగతి చెప్పాలంటే అదొక పురాణం. అందరూ పచ్చళ్ళు, పొడులు కట్టుకొస్తామన్నారు. ఊరగాయ చేతిసంచీలో పెడితే తనిఖీ దగ్గర తీసేస్తారు, పెద్ద పెట్టెలోనే పెట్టాలి. కోడి పచ్చడి, మటన్ పచ్చడి అసలే వద్దన్నాను, మాంసంతో చేసినవి మన దగ్గర్నుంచి అక్కడికి తీసుకెళ్ళకూడదు. అన్నిటికంటే నన్ను హడలగొట్టింది గసగసాలు. మనం కూరలో నూరి పోసుకునే గసగసాలు సింగపూర్‌లో మత్తుమందుల లెక్కలోకొస్తాయి, నిషేధం! ఇద్దరు గసగసాలు వేసి కొట్టిన మసాలా పొడి పెట్టెలో పెట్టేశామన్నారు. తీయించేదాకా నాకు నిద్ర పట్టలేదు. చూయింగ్ గమ్ కూడా 1992 నుంచి అక్కడికి తీసుకెళ్ళకూడదు. మగవాళ్ళ జేబుల్లో ఉండే పాన్ మసాలా, నమిలే పొగాకు పొట్లాలు ఇంట్లోనే వదిలి రమ్మని భార్యల చేత చెప్పించాను. అది మాత్రం సంతోషంగా చెప్పారు అందరూ.

మందులు వాడేవాళ్ళకి మూడు జాగ్రత్తలు చెప్పాను. డాక్టరు చీటీ వెంట ఉండాలి. మాత్రలు డబ్బాలో కలిపెయ్యకుండా పేరున్న అట్టలోనే ఉంచాలి. ఇన్సులిన్ పెద్ద పెట్టెలో వెయ్యకుండా చేతిసంచీలో పెట్టుకోవాలి. నిద్రమాత్రల్లాంటివి వాడేవాళ్ళు ముందుగా అనుమతి తీసుకోవాల్సి రావచ్చు, అది ఏజెంటుకి అప్పజెప్పాను.

తెల్లారి ఆరింటికి దిగితే గది ఎక్కడ?

ఆఫీసు వాళ్ళు కట్టుదిట్టంగా వేశామనుకున్న ప్లానులో ఒక పెద్ద కన్నం ఉంది. హైదరాబాద్‌లో రాత్రి విమానం ఎక్కితే సింగపూర్‌లో దిగేసరికి తెల్లారుతుంది. ప్రయాణం నాలుగున్నర గంటలే గానీ, అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. హోటల్లో గది తాళాలిచ్చేది మధ్యాహ్నం మూడింటికి!

“అప్పటిదాకా 44 మంది, నిద్రలేని మొహాలతో ఎక్కడ కూర్చుంటారు? ఆడవాళ్ళు స్నానం ఎక్కడ చేస్తారు?” అన్నాను.

“బస్సులో ఊరు తిప్పుతాం” అన్నారు మావారు.

“చుట్టాలొచ్చాక గుమ్మంలో నిలబెట్టి, వంటింకా అవలేదు, ఊరు చూసి రండి అంటామా?”

ఆరు గదులు ముందురోజు రాత్రి నుంచే తీసుకుంటే, ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు వంతులవారీగా స్నానాలు చేసి బట్టలు మార్చుకోవచ్చన్నాను. ఆరు గదుల డబ్బు దండగని లెక్కల సెక్షను వాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి మావారు గట్టిగా పట్టుబడితే సరేనన్నారు. ఆ ఉదయం ఆ ఆరు గదుల విలువ అందరికీ తెలిసింది. స్నానాలయ్యాక సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి ఉన్న కోమల విలాస్‌లో ఇడ్లీ, దోసె, ఫిల్టర్ కాఫీ. అదే రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి. మొదటిసారి విమానమెక్కి బిక్కుబిక్కుమంటూ వచ్చినవాళ్ళంతా ధ్వజస్తంభం చూడగానే సొంతూళ్ళో దిగినట్టు తేరుకున్నారు. పరాయి ఊళ్ళో మొదటి పూట కడుపునిండా తెలిసిన తిండి పెడితే, తర్వాత మూడు రోజులు ఏం పెట్టినా సణుగుడుండదు. ఇది పెళ్ళివారి విడిదిలో ఎప్పుడో నేర్చుకున్న పాఠమే.

ఇంతవరకూ చదివి, “భలే చేసిందే” అనుకుంటున్నారేమో. ఆగండి. ఇక నా తెలివితక్కువతనం మొదలవుతుంది.

ఆవిడ అడిగిన చిన్న మాట

మంగళవారం మీటింగు. మగవాళ్ళు హాల్లో కూర్చుంటారు, ఆడవాళ్ళని నేను బస్సులో బొటానిక్ గార్డెన్స్‌కీ, తర్వాత లిటిల్ ఇండియాలో షాపింగుకీ తీసుకెళ్ళాలి. ఆ కార్యక్రమం వేసింది నేనే.

పొద్దున టిఫిన్ దగ్గర పిన్నిగారు నా పక్కకొచ్చి, మెల్లిగా, “అమ్మాయ్, నేను మీటింగులో కూర్చోవచ్చా?” అంది.

నేను ఆలోచించను కూడా లేదు. “ఎందుకండీ పిన్నిగారూ, పొద్దస్తమానం లెక్కలు, స్కీములు. మీకు విసుగు. హాల్లో ఏసీకి వణికి చస్తారు కూడానూ. హాయిగా మాతో రండి” అన్నాను నవ్వుతూ.

ఆవిడ ఇంకో మాట అనలేదు. “సరేలేమ్మా” అని సంచీ సర్దుకుంది.

బొటానిక్ గార్డెన్స్ చూడాల్సిన చోటు. 2015లో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేరింది. 1877లో ఇంగ్లండులోని క్యూ తోటల నుంచి తెచ్చిన రబ్బరు మొక్కలు మొదట ఇక్కడే నాటారు. తర్వాత ఆ చుట్టుపక్కల దేశాల్లో రబ్బరు తోటలు పెరగడానికి ఈ తోటే మూలం. లోపల ఆర్కిడ్ పూల తోట వేరేగా ఉంది, దానికి టికెట్టు. మిగతావాళ్ళు ఫోటోల్లో పడ్డారు. పిన్నిగారు మాత్రం ప్రతి మొక్క దగ్గరా వంగి, ఆకు వెనక్కి తిప్పి, తెగులేమైనా ఉందా అని చూస్తోంది.

ఊదారంగు పువ్వొకటి చూపించి మా గైడు దాని కథ చెప్పింది. గైడు తమిళావిడ, మాకోసం ఇంగ్లీషు ముక్కలు తేలిగ్గా చెప్పేది. సింగపూర్‌లో స్థిరపడిన ఆర్మేనియన్ కుటుంబంలోని ఆగ్నెస్ జోకిమ్ అనే ఆవిడ, రెండు రకాల ఆర్కిడ్లని కలిపి ఈ పువ్వు పుట్టించింది. 1893లో దాని సంగతి లోకానికి తెలిసింది. 1981లో సింగపూర్ జాతీయ పుష్పం చేశారు. కానీ ఆ పువ్వు ఆవిడే కావాలని పుట్టించిందా, తోటలో దానంతటదే పుడితే ఆవిడ కంటపడిందా అని ఏళ్ళ తరబడి వాదనలు. 2016లో గానీ అది ఆవిడ చేసిన పనేనని అక్కడి అధికారులు ఒప్పుకోలేదట.

నేను తెలుగులో చెబుతుంటే పిన్నిగారు వేళ్ళు మడిచి లెక్కేసింది. “నూట ఇరవై మూడేళ్ళు. అంత పట్టిందా అమ్మా, ఆవిడ చేసిందే అని ఒప్పుకోడానికి?”

ఆ గొంతులో ఏదో వినిపించింది నాకు. బెంచీ మీద కూర్చున్నాక అడిగాను, “పిన్నిగారూ, మీరూ షాపుకి వెళ్తుంటారా?” అని.

“వెళ్ళడమేందమ్మా, ఎనిమిదేళ్ళ నుంచి నేనే చూస్తన్నా. ఆయనకి షుగరుతో చూపు తగ్గింది. లైసెన్సు ఆయన పేరు మీదుంది. గల్లాలో కూర్చుంటాడు. ప్యాకెట్టు మీద లాటు నంబరు కూడా కనపడదాయనకి.” సంచీలోంచి ఒక నోటుబుక్కు తీసింది. ఏ రైతు, ఏ ఊరు, ఏ రకం మిరప, ఏ లాటు నంబరు, ఏ తేదీన కొన్నాడు, అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. “మీటింగులో అడుగుదామని రాసుకొచ్చా” అంది. చివరి పేజీలో నాలుగు ప్రశ్నలున్నాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ దగ్గరా ఒక నోటుబుక్కు, నా దగ్గరా ఒక నోటుబుక్కు. నా బుక్కులో ఆవిడ మోకాళ్ళ గురించి ఉంది, శనివారం ఏం తింటుందో ఉంది. ఆవిడ ఏం పని చేస్తుందో లేదు. పదకొండు ప్రశ్నలు అడిగానే, ఆ ఒక్కటీ అడగాలని నాకెందుకు తోచలేదు? మగవాళ్ళకి వరలక్ష్మీ వ్రతం తోచలేదని వెక్కిరించాను. ఆడవాళ్ళంటే షాపింగనీ, మీటింగంటే మగవాళ్ళనీ నేనే గీత గీసేశాను. ఆడదాన్నయి ఉండీ!

అప్పటికప్పుడు వెనక్కి తీసుకెళ్ళడానికి బస్సు అందరిదీ. “రేపు పూట మీటింగుంది కదా, అడుగుదాం పిన్నిగారూ” అన్నాను. గొంతు నాకే పేలవంగా వినిపించింది.

ఏడున్నర భోజనం తొమ్మిదైతే

ఆ రాత్రి బహుమతుల కార్యక్రమం, విందు. అందరికీ ఇచ్చిన కాగితంలో ‘7:30 భోజనం’ అని అచ్చేశారు. నేను ముందునుంచీ మావారితో పోరుతూనే ఉన్నాను, “ముందు భోజనాలు పెట్టండి, ఉపన్యాసాలు తర్వాత” అని. “తిన్నాక ఎవరూ కూర్చోరోయ్” అని ఆయన వాదన. కాగితంలో ఉన్న టైముకి పెడతాంలే అన్నారు చివరికి.

ఏడున్నర అయింది. ఉపన్యాసం. ఎనిమిది. ఇంకో ఉపన్యాసం, తెర మీద కంపెనీ సినిమా. ఎనిమిదింబావుకి బహుమతులు మొదలయ్యాయి. పళ్ళేలు మూతలేసుకుని గోడవార అలాగే ఉన్నాయి.

పిన్నిగారి భర్త కాగితంలో టైము చూసుకుని, గదిలోనే ఏడుంబావుకి ఇన్సులిన్ వేసుకుని వచ్చారు. భోజనానికి ముందు వేసుకునే రకం అది. వేసుకున్నాక వెంటనే తిండి పడకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఎనిమిదిన్నరకి ఆయన పేరు పిలిచారు. లేచి నాలుగడుగులు వేసి, ఆగిపోయారు. ఏసీ హాల్లో మొహమంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. ఏదో అనబోతే మాట ముద్దగా వచ్చింది. కొందరు నవ్వారు కూడా, ఏం తాగాడోనని.

నాకు ఎర్ర ఇంకుతో రాసిన పేజీ కళ్ళముందు తిరిగింది. నేను లేచేలోపలే పిన్నిగారు ఆయన్ని కుర్చీలో కూలేసింది. కొంగున కట్టుకున్న చక్కెర విప్పి, “మింగయ్యా, మింగు” అంటోంది. నేను కాఫీ బల్ల మీది నారింజ రసం గ్లాసు తెచ్చిచ్చాను. స్పృహలో ఉండి మింగగలిగితేనే ఇలా ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మూడు చెంచాల చక్కెరో, అరగ్లాసు పళ్ళరసమో ఇచ్చి, పావుగంట ఆగి మళ్ళీ చూడాలి, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి, తేరుకున్నాక భోజనం పెట్టాలి. ఆ పావుగంట నాకు యుగంలా గడిచింది. హోటలు వాళ్ళు డాక్టర్ని పిలిచారు. ఆయన వచ్చేసరికి పెద్దాయన తేరుకుని, “నా ప్రైజు ఇంకెవరికైనా ఇచ్చేశారా?” అని అడిగారు. అందరికీ ఊపిరొచ్చింది.

ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే పళ్ళేల మూతలు తీశారు. మిగతా బహుమతులు తిండి తింటూనే ఇచ్చారు. ఎవరూ లేచిపోలేదు!

ఆ రాత్రి గదికొచ్చాక మావారు చాలాసేపు మాట్లాడలేదు. “నువ్వు చెప్పావు, నేను విన్లేదు” అన్నారు చివరికి. “నాకూ ఒకావిడ చెప్పింది, నేనూ విన్లేదు” అని పొద్దున జరిగింది చెప్పాను.

మూడోవరస కుర్చీ

డాక్టరు పెద్దాయన్ని మర్నాడు విశ్రాంతిగా ఉండమన్నారు. బుధవారం పొద్దున పిన్నిగారి బదులు నేను ఆయన దగ్గర కూర్చుంటానన్నాను. ఆవిడ జరీ అంచు చీర కట్టుకుని, శాలువా కప్పుకుని, నోటుబుక్కు చంకన పెట్టుకుని, ఆయన కుర్చీలో వెళ్ళి కూర్చుంది. మూడోవరస.

తర్వాత జరిగింది మావారు చెప్పిందే. డీలర్లని “ఏమైనా అడుగుతారా?” అంటే, మామూలుగా కమీషను పెంచమనీ, గడువు పెంచమనీ అడుగుతారట. పిన్నిగారు లేచి, “మొలక రాలేదని రైతు మా కొట్టుకొస్తే, మీ మనిషి పొలం చూడ్డానికి ఎన్ని రోజులకొస్తాడు బాబూ?” అని అడిగిందట. ఎవరికీ సమాధానం తోచలేదు. “పోయినేడు పదకొండు రోజులకొచ్చాడు. అప్పటికి రైతు దున్నేసి వేరేది వేశాడు. ఇంకేం చూస్తాడు? కల్తీ అన్నాడు రైతు, రైతుదే తప్పన్నాడు మీ మనిషి. మధ్యలో తిట్లు తిన్నది నేను. ఇదిగో లాటు నంబరు, ఇదిగో తేదీ” అని నోటుబుక్కు తెరిచి చూపించిందట.

హాలంతా ఒక్కసారి గోల. “మాకూ అంతే, మాకూ అంతే” అని. ఆ ఒక్క ప్రశ్న మీద ముప్పావుగంట మాట్లాడుకున్నారు. ఫిర్యాదు వచ్చిన మూడు రోజుల్లోపల మనిషి పొలానికి వెళ్ళాలని అక్కడే రాసుకున్నారు. “పదేళ్ళుగా మీటింగులు పెడుతున్నాం గానీ, పనికొచ్చే మీటింగు ఇవాళ జరిగింది” అన్నారట మావారి పైఅధికారి.

గురువారం తిరిగొచ్చాం. శంషాబాద్‌లో సామాన్ల కోసం నిలబడ్డప్పుడు పిన్నిగారు నా చెయ్యి పట్టుకుంది. నేను క్షమాపణ చెప్పబోతే, “పోనీలేమ్మా, ఆ తోట చూడకపోతే ఆ పువ్వు సంగతి నాకెట్టా తెలిసేది?” అంది. 2024 వానాకాలంలో ఒకసారి ఫోన్ చేసి చెప్పింది, “మూడు రోజులన్నారు, మీవాళ్ళు నాలుగో రోజున వచ్చారు. నయమే!” అని.

మీ ఇంట్లో కూడా భర్తో, కొడుకో, కూతురో ఇలాంటి ప్రయాణం ఏర్పాటు చెయ్యాల్సి వస్తే, నా అనుభవంలో తేలిన నాలుగు మాటలు చెబుతాను. తేదీకి ముందు రెండు క్యాలెండర్లు చూడండి, మనదీ, వెళ్ళే ఊరిదీ. దిగే టైముకీ గది ఇచ్చే టైముకీ మధ్య ఎన్ని గంటలో లెక్కెయ్యండి. కాగితంలో వేసిన భోజనం టైముని నమ్ముకుని మందు వేసుకునేవాళ్ళుంటారు, ఆ టైము దాటనివ్వకండి. వీసా నిబంధనలు ఊరూరికీ వేరు, మారుతుంటాయి, పోయినసారి ఇలా అన్నారు కదా అని ఊరుకోకండి. సింగపూర్‌కైతే వీసా కాక, చేరడానికి మూడు రోజుల ముందు నుంచీ కంప్యూటర్లో నింపే కార్డొకటుంది. అది నింపడానికి డబ్బు కట్టక్కర్లేదు.

మొన్న మళ్ళీ ఆఫీసులో డీలర్ల మీటింగు మాటలు మొదలయ్యాయి. “ఏమోయ్, నీ పదకొండు ప్రశ్నల నోటుబుక్కు ఏదీ?” అన్నారు మావారు.

“పదకొండు కాదు, పన్నెండు” అని తీసిచ్చాను. పన్నెండోది అన్నిటికంటే పైన రాశాను: ‘మీ షాపు పని ఎవరు చూస్తారు? మీటింగులో మీ ఇద్దరిలో ఎవరు కూర్చుంటారు? ఇద్దరూనా?’

మావారు చదివి, కళ్ళజోడు సర్దుకుని, “ఇది ఆఫీసు వాళ్ళకి రావలసిన ఆలోచన” అన్నారు.

“అయితే ఈసారి ధన్యవాదాలు చెప్పేటప్పుడు హోటలు వాళ్ళ పేరు, బస్సు వాళ్ళ పేరు చదివాక, మీ ఆవిడ పేరు కూడా చదవండి” అని వంటింట్లోకి వెళ్ళిపోయాను. పప్పు పొంగుతోంది మరి!